ఎంగిలి రక్తం

నేను ఒక కిడ్నీని. కాకపోతే ఎవరి ఒంట్లోనూ ఉండను. నాలుగు చక్రాల ఇనప స్టాండు మీద, మనిషి భుజమంత ఎత్తున, ముఖానికి చిన్న తెరతో నిలబడి ఉంటాను. డాక్టర్లు నన్ను డయాలసిస్ మిషను అంటారు. ప్రస్తుతం ఒక ఆస్పత్రి వెనక రేకుల షెడ్డులో, కాళ్ళు విరిగిన స్ట్రెచర్లకీ తుప్పు పట్టిన సెలైన్ స్టాండ్లకీ మధ్య ఉన్నాను. 'పనికిరాదు' అని ఎర్ర సిరాతో రాసిన చీటీ నా నొసటి మీద అంటించారు. అంటించిన మనిషి మీద నాకు కోపం లేదు. ఆయన పని ఆయన చేశాడు. నా కోపం వేరే ఉంది. కొంచెం చల్లారాక చెబుదామని ఏడాది ఆగాను. చల్లారలేదు. అందుకని వేడిమీదే చెబుతున్నాను.

నేను పుట్టింది మంచు కురిసే దేశంలో. మూతికి గుడ్డ కట్టుకున్న మనుషులు నన్ను మాట్లాడకుండా బిగించి, మాట్లాడకుండా పరీక్షించి, అట్టపెట్టెలో పెట్టి ఓడ ఎక్కించారు. మొదటి నాలుగేళ్ళు ఒక పెద్ద నగరంలో అద్దాల ఆస్పత్రిలో పనిచేశాను. చల్లటి గది, మంచానికొక టీవీ. అక్కడి రోగులు మూలిగినా మర్యాదగా మూలిగేవారు. కొత్త రకం మిషన్లు రాగానే నేను పాతబడ్డాను. నన్ను ఉద్దానానికి విరాళం ఇచ్చారు. చిరిగిన దుప్పటి పనిమనిషికిచ్చి, ఆమె కళ్ళల్లో కృతజ్ఞత కనిపించిందా లేదా అని చూసే ఇల్లాళ్ళను మీరు ఎరుగుదురు. ఇదీ అలాంటి దానమే.

ఉద్దానం అంటే శ్రీకాకుళం జిల్లాలో సముద్రం పక్క నేల. ఎటు చూసినా కొబ్బరి, జీడిమామిడి, పనస. లారీలోంచి దించుతుంటే, ఇంత పచ్చటి చోట నాకేం పని ఉంటుందిలే అనుకున్నాను. మర్నాటికే తెలిసింది. ఆ పచ్చదనం కింద ఊరూరా కిడ్నీలు పోయిన మనుషులున్నారు. పొద్దున్న ఒకరు, మధ్యాహ్నం ఒకరు, సాయంత్రం ఒకరు. నా పక్క కుర్చీ తుడిచిన తడి ఆరడానికి కూడా వ్యవధి ఉండేది కాదు.

నన్ను ప్రారంభించడానికి ఒక పెద్దమనిషి వచ్చాడు. నా మెడలో బంతిపూల దండ వేసి, రిబ్బను కత్తిరించి, ఫొటో తీయించుకుని వెళ్ళాడు. ఆ రిబ్బను ముక్క నా చక్రంలో చిక్కుకుంటే తీయడానికి ఆరు నెలలదాకా ఎవరికీ తీరలేదు.

ఇంకొక సంగతి విన్నాక నా మొదటి కోపం పుట్టింది. ఒక్క మనిషి రక్తం శుభ్రం చేయడానికి నాకు నూట ఇరవై లీటర్ల నీళ్ళు కావాలి. మామూలు నీళ్ళు పనికిరావు. మూడుసార్లు వడకట్టి, ఉప్పూ సున్నమూ లేకుండా చేసిన నీళ్ళు కావాలి. అవి నాకోసం గోడ అవతల పెద్ద యంత్రం పెట్టి తయారుచేసేవారు. నా కుర్చీలో కూర్చున్న మనిషి మాత్రం ఇంటికి వెళ్ళి తన బావి నీళ్ళు తాగేవాడు. జబ్బుకి ఆ నీళ్ళే కారణమని కొందరు, కాదని కొందరు. ఏళ్ళ తరబడి పరీక్షకని సీసాల్లో నీళ్ళు పట్టుకెళ్ళినవాళ్ళు తిరిగొచ్చి ఏమీ చెప్పలేదు. మిషనుకి ఇచ్చిన నీళ్ళు ముందే మనిషికి ఇచ్చి చూస్తే ఏం పోయేది? నాకు నోరుంటే ఆ రిబ్బను కత్తిరించినాయన్ని ఇదే అడిగేదాన్ని.

సరే, కూర్మమ్మ దగ్గరికి వద్దాం.

ఆమెకు నలభై ఎనిమిదేళ్ళు. జీడిపిక్కలు కొట్టి పప్పు తీసే పని. పిక్క జిడ్డు తగిలి వేళ్ళ కొసలు బొగ్గులా నల్లబడిపోయి ఉండేవి. భర్త ఇదే జబ్బుతో, నేను ఇక్కడికి రాకముందే పోయాడు. ఆమెకి సోమవారం, గురువారం పొద్దుటి పూట నా దగ్గర వంతు. గురువారాన్ని ఆ పక్క లచ్చివారం అంటారు. ఎడంచేతికి రెండు సూదులు గుచ్చితే ఒక గొట్టంలోంచి రక్తం బయటికి వస్తుంది, ఒక వడపోత సిలిండరులో శుభ్రపడుతుంది, రెండో గొట్టంలోంచి ఒంట్లోకి తిరిగి వెళుతుంది. నాలుగు గంటలు అలా తిరుగుతూనే ఉంటుంది. నా పని తిప్పడం, తూచడం, తేడా వస్తే అరవడం.

సూది దిగేటప్పుడు అందరూ కళ్ళు మూసుకుంటారు. ఆమె తెరుచుకునే ఉండేది. "అమ్మా బంగారమ్మా, నువ్వున్నావు, నానున్నాను" అనేది. అంతే. మొరపెట్టుకోవడం, మొక్కుకోవడం ఉండేవి కావు. పక్కింటావిడని పలకరించినట్టు ఉండేది.

ఆయుధ పూజ రోజున టెక్నీషియన్ డిల్లేశ్వరరావు నా నొసట పసుపూ కుంకుమా పెట్టేవాడు. రోగులు వరసగా వచ్చి నాకు దణ్ణం పెట్టేవారు, నువ్వే మా దేవుడివనేవారు. చేతిలో సూదులున్నా రెండో చేత్తో లెంపలేసుకునేవారు. నాకు చచ్చేంత సిగ్గుగా ఉండేది. దేవుడయితే కరెంటు పోయినప్పుడు ఆగిపోతాడా? కూర్మమ్మ ఒక్కతే దణ్ణం పెట్టలేదు. డిల్లేశ్వరరావు వేళాకోళానికి ఎందుకు పెట్టలేదని అడిగితే, ఆకలేసినోడికి అమ్మ స్వయంగా వచ్చి ముద్ద కలిపి పెట్టదనీ, ఎవరో ఒకరి చేత్తో పెట్టిస్తుందనీ, ఆ చేతికి అన్నం పెట్టాలే గానీ హారతివ్వక్కరలేదనీ చెప్పింది. ఆ రోజు నుంచి ఆమె అంటే నాకు గౌరవం.

వాళ్ళ ఊళ్ళో మూడేళ్ళకోసారి బంగారమ్మ తల్లి సంబరం. మొదటి ఘటం ఎత్తే హక్కు వాళ్ళింటి కోడలిది. ఆ ఘటం ఊళ్ళోని ప్రతి గడపకీ వెళ్ళాలి. ప్రతి ఇంటివాళ్ళూ తమ బావిలోంచి ఒక చెంబు నీళ్ళు తెచ్చి అందులో కొంచెం పొయ్యాలి. అన్ని గడపలూ తిరిగిన ఆ నీళ్ళను ఆఖర్న ఊరందరి మీదా చల్లుతారు. పద్దెనిమిదేళ్ళుగా ఆ ఘటం కూర్మమ్మ నెత్తి మీదే తిరుగుతోంది. ఆమె ఒళ్ళు సగం నాది, సగం మందులది అయిపోయింది గానీ, ఆ ఘటం మాత్రం పూర్తిగా ఆమెది. అందుకే ఆ ఏడాది సంబరం మంగళవారమని తెలిసిన దగ్గర్నుంచి ఆమె లెక్క వేసుకుంటోంది: సోమవారం వంతు అవగానే ఒళ్ళు తేలికపడుతుంది, మర్నాడు ఎత్తగలదు.

సంబరం రోజుతో కలిపి తొమ్మిది రోజులు నియమం. ఆ నియమం మొదలయ్యే సోమవారం నాడు లోకనాథం వచ్చాడు.

లోకనాథం ఆమె భర్తకి అన్న. ఇంటికి పెద్ద. సంబరంలో ఏది చెయ్యాలో ఏది చెయ్యకూడదో చెప్పేది ఆయనే. తెల్లటి ధోవతి, మెడలో తువ్వాలు, నిండైన మనిషి. గుమ్మం దాటి లోపలికి రాలేదు. అక్కడే నిలబడి, గొట్టాల్లో ఎర్రగా తిరుగుతున్న ఆమె రక్తాన్ని చాలాసేపు చూశాడు.

"ఊరోళ్ళందరి రగతం తిరిగిన మిషను ఇది" అన్నాడు. "ఇందులో తిరిగొచ్చింది ఎంగిలి రగతం. ఎంగిలి ఒంటితోటి అమ్మ ఘటం ఎత్తుతావేటి?"

డిల్లేశ్వరరావు లేచాడు. గొట్టాలు ఎవరివి వాళ్ళవేననీ, వడపోత సిలిండరు మీద ఎవరి పేరు వాళ్ళకి రాసి ఉంటుందనీ, రక్తం మిషనుని అసలు తాకనే తాకదనీ సిలిండరు చూపించి మరీ చెప్పాడు. దాని మీద నల్ల స్కెచ్‌పెన్నుతో 'కూర్మమ్మ' అని ఉంది. లోకనాథం అటు చూడనే లేదు. అమ్మవారి సంగతుల్లో కుర్రకుంకలు తలదూర్చొద్దన్నాడు.

తర్వాత మరదలితో చెప్పిందొకటే. తొమ్మిది రోజులూ ఇటు రాకూడదు. పండూ, కొబ్బరినీళ్ళూ పుచ్చుకుని శుద్ధంగా ఉండాలి. అమ్మ మీద నమ్మకం ఉన్నదైతే అమ్మే చూసుకుంటుంది. అమ్మకంటే మిషనే ఎక్కువయితే ఘటం వేరేవాళ్ళకి ఇచ్చెయ్యాలి.

ఇక్కడ మీరు ఒక సంగతి తెలుసుకోవాలి. ఉద్దానంలో కొబ్బరినీళ్ళంటే అమృతం. పుట్టిన బిడ్డకీ, పోయే ప్రాణానికీ అవే. ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా చుట్టాలు బొండాలు మోసుకొస్తారు. కిడ్నీలు పోయినవాళ్ళకి ఆ అమృతమే విషం. అరటిపండూ అంతే. అందులోని పొటాషియం బయటికి పోయే దారి లేక రక్తంలో పోగుపడి గుండెను ఆపేస్తుంది. అంటే శుద్ధంగా ఉండమని లోకనాథం ఇచ్చిన ఆహారమంతా విషమే. దాన్ని బయటికి తోడే మిషను దగ్గరికి వెళ్ళొద్దన్నాడు. పగవాడు కూచుని పథకం వేసినా ఇంత పక్కాగా వెయ్యలేడు.

లచ్చివారం వచ్చింది. కూర్మమ్మ రాలేదు.

డిల్లేశ్వరరావు నా గొట్టాలు కడిగి, నీళ్ళు పట్టి, ఆమె సిలిండరు బిగించి ఉంచాడు. ఎనిమిదయింది, తొమ్మిదయింది. మూడుసార్లు ఫోన్ చేశాడు. ఎవరూ ఎత్తలేదు. పదింటికి సిలిండరు విప్పేసి ఇంకొకరిని కూర్చోబెట్టాడు. నేను పని చేశాను. ఏ మనిషి రక్తాన్ని తిప్పానో ఆ రోజు నాకు గుర్తు లేదు.

శుక్రవారం కూడా రాలేదు. శనివారం పొద్దున్న నా కుర్చీలో తవిటయ్య కూర్చుని ఉన్నాడు. రిటైరయిన బస్సు కండక్టరు. సూది ఇంకా పడలేదు. అప్పుడు ఆటో ఆగింది. కూర్మమ్మ అక్క కొడుకు ఆమెను రెండు చేతులా ఎత్తుకుని లోపలికి వచ్చాడు.

ముఖం ఉబ్బిపోయింది. కళ్ళు తెరుచుకోవడం లేదు. నీళ్ళలో మునిగిన మనిషిలా ఊపిరి బుడబుడలాడుతోంది. తూకం వేస్తే నాలుగున్నర కిలోల నీరు ఎక్కువ. గుండె గీతలు తీశారు. గీతలు దేవాలయ శిఖరాల్లా లేచి ఉన్నాయి. పొటాషియం గుండెదాకా వచ్చిందని చెప్పే ఆ శిఖరాలు చూస్తే డాక్టర్లు పరిగెత్తుతారు. ఆ పూట డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ కూడా పరిగెత్తింది.

తవిటయ్య తనంతట తనే లేచాడు. "సీటు ఇచ్చీసినాను గానీ టిక్కెట్టు నాదేరా డిల్లీ, మజ్జాన్నం ఎక్కుతాను" అని గోడవారగా వెళ్ళి కూలబడ్డాడు. ఆ మనిషికీ రెండురోజుల నీరు ఒంట్లో ఉంది. గుర్తుంచుకోండి.

సూదులు పడ్డాయి. గొట్టంలోకి కూర్మమ్మ రక్తం వచ్చింది. నేను తిప్పడం మొదలుపెట్టాను. పదో నిమిషంలో ఆమె బీపీ పడిపోయింది. అరిచాను. డిల్లేశ్వరరావు సెలైన్ ఎక్కించాడు. ఇరవయ్యో నిమిషంలో మళ్ళీ పడిపోయింది. మళ్ళీ అరిచాను. నేను అరుస్తుంటే చికాకు పడి చెవులు మూసుకునేవాళ్ళున్నారు. నా దగ్గరున్న మాట అదొక్కటే. గంట గడిచింది. శిఖరాలు కొంచెం దిగాయి. రెండు గంటలకి ఆమె కళ్ళు తెరిచింది.

అప్పటికి లోకనాథం వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆమె కళ్ళు తెరవడం చూసి చేతులు జోడించాడు. అమ్మ కాపాడిందన్నాడు. నియమం పాటించింది కాబట్టే గండం గట్టెక్కిందన్నాడు.

ఎగిరి అతని మీద పడదామనిపించింది. చక్రాలకి తాళం వేసి ఉంది.

కూర్మమ్మ అతని వైపు తల తిప్పింది. మాట మెల్లగా వచ్చింది గానీ గదిలో అందరికీ వినబడింది.

"బావా, ఘటం ఎన్ని గడపలు తిరుగుతాది?"

ఆమే లెక్క చెప్పింది.

"రెండొందల గడపలు. అందరి బావి నీలూ అందులోనే పడతాయి. ఉన్నోడివీ లేనోడివీ, ఆ కులపోడివీ ఈ కులపోడివీ. నువ్వే దోసిలి పట్టి నెత్తి మీద సల్లుకుంటావు." ఆగి ఊపిరి తీసుకుంది. "రెండొందల ఇళ్ళు తిరిగిన నీలు ఎంగిలి కాలేదు. ఒక్క మిషను తిరిగిన నా రగతం ఎంగిలయిపోయినాదా?"

గోడవారనున్న తవిటయ్య గట్టిగా దగ్గాడు. అది దగ్గు కాదు, నవ్వని నాకు తెలుసు.

"నన్నిక్కడికి రావొద్దని అమ్మ సెప్పనేదు, బావా. నువ్వు సెప్పినావు. నీ మాట అమ్మ మాటనుకోవడం నా తప్పు. సోమారం వొస్తాను. మంగళారం ఘటం నానే ఎత్తుతాను."

సోమవారం వచ్చింది. నాలుగు గంటలూ కూర్చుంది. మంగళవారం నేను చూడలేదు. నన్ను ఎవరు సంబరానికి తీసుకెళతారు? వెళ్ళొచ్చిన డిల్లేశ్వరరావు గురువారం నాడు గది గదంతా వినేలా చెప్పాడు. రెండు వందల గడపలూ ఆమె తిరిగిందట. నాలుగు చోట్ల ఆగి కూర్చుందట, ప్రతిసారీ డప్పులవాళ్ళు ఆమె లేచేదాకా వాయింపు ఆపలేదట. పొద్దువాలే వేళకి గుడి ముందు ఘటం దించింది. దించినామె అమ్మ పాదాల దగ్గర కొట్టిన కొబ్బరికాయ నీళ్ళు తాగాలి. అది తీర్థం. తాగితేనే మొక్కు చెల్లినట్టు. లోకనాథం కాయ పట్టుకుని ఊరందరి ముందూ ఆమె దోసిట్లో పోశాడు. కొంచెం కాదు, వేళ్ళ సందుల్లోంచి కారేటంత. పోసి, తాగమన్నట్టు చూశాడు. శనివారం ఆమె ఎలా పడి ఉందో కళ్ళారా చూసిన మనిషి.

కూర్మమ్మ ఆ నీళ్ళను కళ్ళకద్దుకుంది. చేతులు పైకెత్తి తన నడినెత్తి మీద పోసుకుంది. మొహం మీదుగా కారిన నీళ్ళు పెదవుల దాకా వచ్చేసరికి పెదవులు బిగించిందట. తర్వాత ఒక ముసలి డప్పరి, ఎవరినీ అడక్కుండా, చేతిలోని పుల్లలతో దెబ్బ వేశాడు. మిగతావాళ్ళు అందుకున్నారు. మొక్కు చెల్లిందని ఊరు ఒప్పేసుకుంది. ఆ వారం పరీక్షలో ఆమె పొటాషియం ఉండవలసిన చోటే ఉంది.

కథ ఇక్కడ ఆపేస్తే నా కోపం సగమన్నా చల్లారేది.

రెండు నెలల తర్వాత ఒక సోమవారం, కూర్మమ్మ వంతు అయ్యాక, మధ్యాహ్నం పూటకి కొత్త రోగి వస్తున్నాడన్నారు. వచ్చినవాడు లోకనాథం. ధోవతి వదులైపోయింది. పాదాలు ఉబ్బాయి. ఈసారి గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. డిల్లేశ్వరరావు అతని కాగితాలు తీసి వరసగా చూస్తూ ఒకచోట ఆగాడు. మొట్టమొదటి రిపోర్టు తేదీ మళ్ళీ చదివాడు. అది ఆరు నెలల కిందటిది.

అంటే సంబరానికి నాలుగు నెలల ముందే అతనికి తెలుసు. గుమ్మంలో నిలబడి ఎర్రటి గొట్టాల వంక అంతసేపు చూసింది అందుకే. తన రక్తం కూడా అలా తిరిగే రోజు వస్తుందని వణికిపోతూ చూశాడు. ఇంటి కోడలు తొమ్మిది రోజులు మచ్చలేని నియమం పాటిస్తే అమ్మ కరుణించి ఇంటి పెద్దని కాపాడుతుందనుకున్నాడు. తీర్థం తాగితే మొక్కు నిండుగా చెల్లి, తన కిడ్నీలు బాగవుతాయనుకున్నాడు. ఒక్క మనిషితో కూడా రిపోర్టు మాట చెప్పలేదు. తన భయానికి ఆమె ప్రాణం కుదువపెట్టి, దానికి నమ్మకమని పేరు పెట్టాడు.

కూర్మమ్మ ఇంకా వెళ్ళలేదు. చేతి కట్టు మీద వేలు నొక్కిపెట్టుకుని బెంచీ మీద కూర్చుని ఉంది. డిల్లేశ్వరరావు నోట్లోంచి తేదీ వచ్చింది. ఆమె విన్నది. లేచి కుర్చీ దగ్గరికి వచ్చింది.

"బావా, ఆ తొమ్మిది రోజులూ నీకోసవేనేటి?"

లోకనాథం మొహం గోడకి తిప్పుకున్నాడు. మెడలోని తువ్వాలుతో నోరు మూసుకున్నాడు.

ఆమె అతన్ని తిట్టినా బాగుండేది. నాకు హాయిగా ఉండేది. నల్లటి వేళ్ళతో కుర్చీ చెయ్యి పట్టుకుని నిలబడింది.

"నానింకా నిన్ను చమించనేదు" అంది. "అది అమ్మకీ నాకూ మద్దిన తేలాలి. నువ్వు మట్టుకు సోమారం, లచ్చివారం నాగా పెట్టకు. కొబ్బరినీళ్ళు ముట్టకు." గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, "సూది గుచ్చినప్పుడు కళ్ళు మూసుకోకు. మూసుకుంటే ఎక్కువ నొప్పి" అని బయటికి వెళ్ళిపోయింది.

సిలిండరు మీద డిల్లేశ్వరరావు 'లోకనాథం' అని రాశాడు. అక్షరాలు వంకర పోయాయి. సూదులు పడ్డాయి. అతను కళ్ళు తెరిచే ఉంచాడు. గొట్టంలోకి అతని రక్తం వచ్చింది. కూర్మమ్మ రక్తం లాగే ఎర్రగా, వెచ్చగా, నిండా మురికితో.

నాకు కోపం ఉంది. చెప్పాను కదా, ఈ క్షణానికీ ఉంది. ఒక మిల్లీలీటరు తప్పు తూచినా ఎవరికీ తెలిసేది కాదు. అరవవలసిన చోట అరవకపోయినా, ముసలి మిషను గదా అనుకునేవారు.

నాలుగు గంటలు తిప్పాను. అతని బీపీ రెండుసార్లు పడిపోతే రెండుసార్లూ గొంతు చించుకుని అరిచాను. కోపం నాది. రక్తం అతనిది. ఒకదాన్ని ఒకదానితో కలవనివ్వలేదు.